చైత్రం ముంగిట పిట్టల దారి: తిరుపతి, నేలపట్టు, పులికాట్, తలకోన

పంచాంగం ప్రకారం వసంతం చైత్ర శుద్ధ పాడ్యమి నాడు మొదలవుతుంది. ఆ పాడ్యమి 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. పిట్టలకు ఈ అధికమాసాల లెక్కతో పని లేదు. పగటి పొద్దు ఎంత పెరిగింది, చెరువులో నీళ్లెంత దిగాయి, ఏ చెట్టు పూసింది, ఏ చెట్టు కాసింది అన్నవే వాటికి గడియారం. అందుకే ఈ యాత్రను ఉగాది తేదీకి ముడిపెట్టకుండా మార్చి 10 నుంచి ఏప్రిల్ 5 లోపు పెట్టుకోవాలి. అంతకు ముందు వెళితే శీతాకాలమే కనిపిస్తుంది. ఆ తర్వాత వెళితే ఎండిన చెరువులు మిగులుతాయి.

బల్గేరియాలో మార్చి 1న ఎరుపు, తెలుపు దారాలు పేనిన మార్తెనిత్సను మణికట్టుకు కట్టుకుంటారు. తొలి కొంగనో వానకోవిల (స్వాలో) పిట్టనో చూసిన రోజున దాన్ని విప్పి పూసిన కొమ్మకు కడతారు. రష్యాలో మార్చి 22న భరతపక్షి ఆకారంలో చిన్న రొట్టెలు కాలుస్తారు. ఆ దేశాల్లో వసంతమంటే పిట్టలు తిరిగొచ్చే కాలం. తిరుపతి చుట్టుపక్కల జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. చలికాలమంతా మన చెరువుల్లో తిన్న వలస పిట్టలు కొత్త ఈకలు తొడుక్కుని ఉత్తరానికి బయలుదేరుతాయి. అన్నాళ్లూ ఇక్కడే మౌనంగా ఉన్న పిట్టలు గొంతు విప్పుతాయి. ఈ రెండు జాడలనూ వెతుక్కుంటూ సాగే దారి ఇది.

మొదటి రోజు: కొండ కింద, కోయిల కోసం

మార్చి నడుమ తిరుపతిలో సూర్యోదయం 6:15 – 6:20 మధ్య అవుతుంది. కోయిల అంతదాకా ఆగదు, చీకటి ఉండగానే మొదలుపెడుతుంది. 4:45కల్లా కపిలతీర్థం దగ్గర ఉండి, అక్కణ్నుంచి అలిపిరి మీదుగా జూ పార్కు రోడ్డు వైపు నిదానంగా నడవాలి. 5:30 దాటితే వాహనాల హోరులో దూరపు కూత వినపడదు. ఈ దారిలో రావి, మర్రి, వేప, కానుగ దండిగా ఉన్నాయి. రావి, మర్రి పళ్లు మాగిన చెట్టు కనబడితే దాని కిందే అరగంట నిలబడండి. కోయిల మామిడి చిగుళ్లు తిని గొంతు పెంచుకుంటుందని కవులు చెప్పారు గానీ అది ప్రధానంగా పళ్లు తినే పక్షి.

మగ కోయిల ‘కూ...ఊ’ అని కింది స్థాయిలో మొదలుపెట్టి, ఒక్కో కూతకు ఒక్కో మెట్టు పైకి ఎక్కిస్తుంది. ఏడెనిమిది కూతలకు గొంతు చివరికొస్తుంది, అక్కడ టక్కున ఆపేస్తుంది. కాసేపటికి మళ్లీ కింది మెట్టు నుంచి ఎత్తుకుంటుంది. పాటల్లో, చిత్రాల్లో పాడేది ఆడకోయిల అన్నట్టు చూపిస్తారు గానీ ఈ కూత మగదానిది. ఆడది ‘కిక్ కిక్ కిక్’ అని గబగబా అరుస్తుంది. మగదాని ఒళ్లంతా నీలి మెరుపున్న నలుపు, ముక్కు లేత ఆకుపచ్చ. ఆడది గోధుమ రంగులో ఉండి వీపు మీద తెల్ల చుక్కలు, పొట్ట మీద అడ్డచారలు కలిగి ఉంటుంది. తెలియని వాళ్లు దాన్ని వేరే పక్షి అనుకుంటారు. రెండింటి కళ్లూ ముదురు ఎరుపు. ఆకుల సందున ఎర్రటి కన్ను కనిపించిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. జెముడుకాకి ‘ఊప్ ఊప్ ఊప్’ అని లోగొంతుతో వరసగా అంటుంది. అందులో పైకెక్కే మెట్లు ఉండవు. ‘టుక్ టుక్ టుక్’ అని ఒకే తూకంలో, ఒకే స్థాయిలో నిమిషాల తరబడి కొట్టేది కంసాలి పిట్ట. ఇంకో పొరపాటు తేదీది. జనవరి చివర్లో కూడా ఒకటీ అరా కోయిల కూస్తుంది, దాంతోనే వసంతం వచ్చిందని రాసేసుకుంటారు. ఒక్క కూతను లెక్కలోకి తీసుకోకూడదు. తెల్లవారుజామున కనీసం మూడు దిక్కుల నుంచి ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటూ, వరసగా వారం రోజులు కూస్తే అప్పుడు జాడ కుదిరినట్టు.

కోయిల ఎక్కణ్నుంచో వలస వచ్చిందని చాలామంది నమ్మకం. నిజానికి మన ప్రాంతంలో అది ఏడాది పొడవునా ఉంటుంది, పళ్లను బట్టి చోటు మారుతుందంతే. చలికాలంలో నోరు విప్పదు కాబట్టి కంటపడదు. వసంతం వస్తే గాని కాకేదో కోయిలేదో తేలదన్న పెద్దల మాట అనుభవం మీద పుట్టిందే. కూత మొదలవడానికి కారణం కాకులు. ఎండలు ముదిరేకొద్దీ కాకులు గూళ్లు కడతాయి, వాటికి ముందుగానే మగ కోయిల తన హద్దులు చాటుకుని జత వెతుక్కోవాలి. గూడు సిద్ధమయ్యాక మగది కావాలనే కాకుల కంటపడి తరిమించుకుంటుంది, ఆ సందులో ఆడది గుడ్డు పెట్టేస్తుంది. కాబట్టి కోయిల జాడ పట్టాలంటే పుల్ల నోట కరుచుకుని ఎగిరే కాకిని కూడా గమనించాలి. ఆ రెండూ ఒకే వీధిలో దొరికితే మే నెలలో కాకి నోటి మేత తింటున్న కోయిల పిల్లను అక్కడే చూడొచ్చు.

ఫోన్‌లో కోయిల కూత పెట్టి జవాబు రప్పించడం మానుకోండి. జత కట్టే రోజుల్లో మగది శత్రువొచ్చాడనుకుని మేత మాని వెతుకుతుంది.

రెండో రోజు: నేలపట్టు

రేణిగుంట, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట చేరి, చెన్నై వెళ్లే జాతీయ రహదారి ఎక్కితే దొరవారిసత్రం వస్తుంది. అక్కడికి రెండు కిలోమీటర్ల లోపే నేలపట్టు. రైలులో వచ్చేవాళ్లకు గూడూరు – చెన్నై మార్గంలో దొరవారిసత్రం స్టేషన్ ఉంది, కానీ అక్కడ అన్ని రైళ్లూ ఆగవు. తిరుపతిలో 5 గంటలకు బయలుదేరితే ఎండ ముదరకముందే చెరువు కట్ట మీద ఉండొచ్చు. 2022 జిల్లాల విభజనలో ఈ ప్రాంతం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పాత పుస్తకాల్లో, మ్యాపుల్లో వెతికేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

1976లో రక్షిత కేంద్రమైన నేలపట్టు దాదాపు 459 హెక్టార్లు. ఇక్కడికి వచ్చేది గూడబాతుల (పెలికాన్ల) కోసం. ఈశాన్య రుతుపవనం చెరువు నింపాక, అక్టోబరు – నవంబరులో అవి వస్తాయి. నీళ్లలో నిలబడి పెరిగే నీటి కడప చెట్ల మీద పుల్లలతో గూళ్లు కడతాయి. చుట్టూ నీళ్లుండటం వల్ల పిల్లులు, నక్కలు గూటి దాకా రాలేవు. అదే చెట్ల మీద నత్తగొట్టు కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, చింతవక్కలు కూడా ఉంటాయి. గూడబాతులు పైకొమ్మల్లో, చిన్న పక్షులు కింది కొమ్మల్లో సర్దుకుంటాయి.

మార్చిలో గూటి దగ్గర చూడాల్సినవి పిల్లలు. తల్లి గూట్లో వాలగానే పిల్ల తలనూ మెడనూ దాని ముక్కు సంచిలోకి పూర్తిగా దూరుస్తుంది. బయటి నుంచి చూస్తే తల్లి గొంతులో ఏదో కదులుతున్నట్టు సంచి అటూ ఇటూ పొడుచుకొస్తుంది. రెండు పిల్లలుంటే పెద్దది ముందు దూరుతుంది, చిన్నది రెక్కలు కొట్టుకుంటూ అరుస్తుంది. స్కోపులో (దూరదర్శినిలో) తల్లి పైముక్కు అంచున నీలి చుక్కల వరుస కూడా కనబడుతుంది. ఈ పక్షిని పోల్చుకోవడానికి ఆ చుక్కలే గుర్తు.

పిల్లలు ఎగరడం నేర్చేసరికి చెరువు కూడా దిగుతూ ఉంటుంది. పెద్ద పక్షులు చేపల కోసం పులికాట్ దాకా పోయి వస్తాయి. గూళ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే ఈ ఊరికి వేసవి దగ్గరపడినట్టే. వానలు తక్కువైన ఏడు పక్షులు ఆలస్యంగా వస్తాయి, తక్కువ వస్తాయి. అలాంటి ఏడు మార్చిలో కూడా గూట్లో చిన్న పిల్లలే కనిపిస్తే రుతువు వెనకబడిందని తొందరపడొద్దు, అక్టోబరులో చెరువు ఎప్పుడు నిండిందో ముందు అడిగి తెలుసుకోవాలి.

కట్ట దిగి చెట్ల వైపు వెళ్లకూడదు. మనిషి అలికిడికి పెద్ద పక్షులు లేచాయంటే రెండు నష్టాలు. కాకులు, గద్దలు గుడ్లనూ చిన్న పిల్లలనూ ఎత్తుకుపోతాయి. బెదిరిన పిల్ల గూటి అంచు దాటి కింద పడితే తల్లి మళ్లీ దాన్ని పైకెత్తలేదు. ముదురాకుపచ్చ, మట్టిరంగు బట్టలు వేసుకోండి. రెట్ట వాసన ఘాటుగా ఉంటుంది, ముక్కుకు కట్టుకోవడానికి తువ్వాలు దగ్గర పెట్టుకోండి. రాత్రికి ఇరవై కిలోమీటర్ల దూరంలోని సూళ్లూరుపేటలో బస చేస్తే మర్నాటి పని తేలిక.

మూడో రోజు: పులికాట్

యాత్రలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఈ రోజుకే. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును అడ్డంగా కోసుకుంటూ పోతుంది, రెండు పక్కలా నీళ్లో, బురదో, తెల్లటి ఉప్పు పొరో ఉంటుంది. జనవరిలో పక్షుల పండగ రోజుల్లో జనం వేలల్లో వస్తారు. మా మాట వింటే మార్చిలో రండి. పక్షులు తగ్గుతాయి గానీ వాటి రంగులూ చేష్టలూ మారేది అప్పుడే.

రోడ్డు దాదాపు పడమర నుంచి తూర్పుకు పోతుంది. పొద్దున సూళ్లూరుపేట నుంచి చూస్తూ పోతే ఎండ కళ్లలో కొడుతుంది, పక్షులు నల్లటి నీడల్లా కనిపిస్తాయి. అందుకని 5:45కే బయలుదేరి, ఆగకుండా అటకానితిప్ప దాటి వెళ్లి, అక్కణ్నుంచి వెనక్కి తిరిగి పడమటి ముఖంగా నిదానంగా రండి. ఎండ వీపు మీద పడుతుంది, రంగులు తేటగా తెలుస్తాయి. 8x42 బైనాక్యులర్ దగ్గరి పక్షులకు చాలు, రాజహంసలకు (ఫ్లెమింగోలకు) మాత్రం 20–60 రెట్ల స్కోపు, బరువైన ట్రైపాడ్ కావాలి. తేలికపాటి ట్రైపాడ్ ఈ గాలికి వణుకుతుంది, నడి కర్రకు నీళ్ల సీసా కట్టి వేలాడదీస్తే నిలబడుతుంది. 9 గంటలు దాటాక ఎంత ఖరీదైన స్కోపైనా దండగే. వేడెక్కిన బురద మీది గాలి అలలు అలలుగా లేచి బొమ్మను చెదరగొడుతుంది. మళ్లీ సాయంత్రం 4:30 తర్వాతే.

శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం చెక్‌పోస్టు దాకానే అనుమతి. డ్రోను ఎగరేయకండి, చెక్‌పోస్టు వైపు కెమెరా తిప్పకండి. రాకెట్ ప్రయోగాల రోజుల్లో దారిలో ఆంక్షలు ఉంటాయి, తేదీ ముందే చూసుకోవాలి.

రాజహంసలను చూడగానే లెక్కపెట్టడం మొదలుపెట్టకండి. ముందు రంగులు చూడండి. గులాబీ, తెలుపు కలిసినవి పెద్దవి. బూడిద రంగులో, కాళ్లు కూడా నల్లగా ఉన్నవి పిల్లలు. దూరం నుంచి ఈ పిల్లలను కొంగలనుకునే వాళ్లు ఎందరో. రాజహంస తల తిరగేసి, పైముక్కు కిందికి వచ్చేలా నీళ్లలో ముంచి, నాలుకతో నీటిని లోపలికి లాగి బయటికి తోస్తుంది. ముక్కు అంచుల్లోని సన్నటి పళ్ల వరుసలు జల్లెడ పట్టినట్టు నాచునూ చిన్న రొయ్యలనూ ఆపుకుంటాయి. గులాబీ రంగు వచ్చేది ఆ మేతలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్లే, కాబట్టి పిల్లకు ఆ రంగు పట్టడానికి కొన్నేళ్లు పడుతుంది.

వెళ్లే కాలం దగ్గరపడ్డ గుంపును గుర్తుపట్టే ఉపాయం ఒకటుంది. మేత మేసే గుంపు తలలు కిందికి వేసి చెల్లాచెదురుగా ఉంటుంది. ప్రయాణానికి, జత కట్టడానికి సిద్ధమైన గుంపు మాత్రం దగ్గరగా గుమికూడి, మెడలు నిటారుగా ఎత్తి, తలలు ఎడమకూ కుడికీ టకటకా తిప్పుతూ అందరూ ఒకే దిక్కుకు నడుస్తాయి. ఉన్నట్టుండి ఒకటి రెక్కలు విప్పితే ఎరుపూ నలుపూ భగ్గుమంటాయి, పక్కనున్నవి కూడా వరసగా విప్పుతాయి. ఇవి పిల్లలు పెట్టే చోటు గుజరాత్‌లోని కచ్ ప్రాంతపు ఉప్పు మైదానాలు. ప్రయాణం ఎక్కువగా రాత్రిళ్లు సాగుతుంది, అందుకే సాయంత్రం ఉన్న గుంపు తెల్లారేసరికి కనిపించదు. ఇంకా కావాలనుకుంటే నీళ్లను చూడండి. ఎండకు నీరు ఇంకి ఉప్పు పెరిగేకొద్దీ రాజహంసలు రోడ్డుకు దూరంగా, లోతు మిగిలిన చోటికి జరుగుతాయి. ఉత్తరాన రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతుండటంతో సముద్రపు నీరు లోపలికి రావడం తగ్గింది, ఈ భాగం అందువల్ల ఇంకా తొందరగా ఎండుతుంది. ఎండిన బురద మీద జీపులు, బైకులు తిప్పి ఆటలాడే వాళ్లను చూస్తే కడుపు మండుతుంది. ఆ చక్రాల కింద నలిగేది వచ్చే ఏటి మేత.

రాజహంసలను చూశాక చాలామంది వెనుదిరుగుతారు. రోడ్డు అంచున బురదలో పరుగెత్తే ఉల్లంకి జాతి చిన్న పిట్టలను మాత్రం వదలకండి. డిసెంబరులో అన్నీ ఒకటే బూడిద రంగు, ఒకదాన్నుంచి ఒకటి చెప్పడం కష్టం. మార్చి చివరికి కొన్నింటి రొమ్ము ఇటుక ఎరుపుకు తిరుగుతుంది, కొన్నింటి గొంతు నుంచి పొట్ట దాకా నలుపు దిగుతుంది. ఈకలు మారడం సగంలో ఉన్నప్పుడు బూడిద మీద ఎర్రటి మచ్చలు మచ్చలుగా కనబడతాయి. వాటిలో కొన్ని సైబీరియా ఉత్తరపు అంచుల దాకా పోవాల్సినవి. కరెంటు తీగల మీద వానకోవిలలు బారులు తీరి ఉంటాయి. తోక చివర రెండు సన్నటి తీగలు పెరిగాయా, గొంతు మీది ఎరుపు ముదిరిందా అన్నది చూడండి. మన తీగల మీద నుంచి అవి లేచిపోవడం ఇక్కడ వసంతానికి గుర్తు, ఉత్తరాన ఏదో ఊళ్లో వాలడం అక్కడి వసంతానికి గుర్తు.

పుస్తకంలో రాసుకునే తీరు గురించి ఒక్క మాట. తొలిసారి కనబడిన తేదీ రాయడం తేలిక. చివరిసారి కనబడిన తేదీ ఏదన్నది అది దాటిపోయాక గాని తెలియదు. కాబట్టి దగ్గర్లో ఉండేవాళ్లు ఒకటే చోటు ఎంచుకుని, మార్చి మొదటి నుంచి ఏప్రిల్ చివరి దాకా వారానికోసారి, ఒకే సమయానికి వెళ్లాలి. ఏమీ కనిపించని రోజున కూడా ‘లేవు’ అని రాయాలి. ఆ ‘లేవు’ లేకపోతే ముందు రాసిన తేదీకి విలువ ఉండదు. పక్షుల లెక్కలు రాసుకునే వెబ్‌సైటు ఈ-బర్డ్‌లో నమోదు చేసేవాళ్లు నీటి లోతు, ఆకాశం తీరు కూడా వ్యాఖ్యగా చేర్చండి.

నాలుగో రోజు: దామలచెరువు మామిడి తోపులు, పలిస పిట్టలు

తిరుపతికి తిరిగొచ్చి చంద్రగిరి, పాకాల మీదుగా దామలచెరువు, అక్కణ్నుంచి చిత్తూరు. ఇది తోతాపురి మామిడి సీమ. మార్చిలో పూత రాలి పిందె నిలిచే దశ. తోపుల్లో మందు కొట్టే రోజులు కూడా ఇవే. అడగకుండా తోపులోకి దిగకండి, మందు వాసన వస్తుంటే గాలికి ఎదురుగా నిలబడకండి.

ఇక్కడ వెతకాల్సింది పలిస పిట్ట, గులాబీ గోరింక. మన గోరింకంతే ఉంటుంది. తల, రెక్కలు, తోక నలుపు. వీపు, పొట్ట గులాబీ. ఆగస్టు నుంచే మన వైపు వచ్చేస్తుంది, ఏప్రిల్ దాకా ఉంటుంది, అంటే ఏడాదిలో ఎక్కువ భాగం మనదే. చలికాలంలో గులాబీ మాసి మట్టి పట్టినట్టుంటుంది, కొందరు దాన్ని వేరే జాతి అనుకుని రాసేస్తారు. మార్చిలో ఈకల మాసిన అంచులు అరిగిపోయి అడుగున ఉన్న రంగు బయటపడుతుంది. తల మీద జుట్టు నిక్కుతుంది. బూరుగ, మోదుగ పూసిన చెట్టు దగ్గర పొద్దున 7 – 9 మధ్య కాపు కాయండి. తేనె కోసం పూలలో ముఖం దూర్చి, నుదుటి మీద పుప్పొడి పసుపుతో పైకి లేస్తాయి. బూరుగ దగ్గరే కోయిలలు, తేనెపిట్టలు కూడా దొరుకుతాయి.

సాయంత్రం 5:45 నుంచి ఏదైనా చెరువు పక్క సర్కారు తుమ్మ పొదల దగ్గర ఉంటే గుంపులు పడుకోవడానికి దిగుతాయి. లెక్క ఇలా వేయాలి. ముందు పది పక్షులు ఎంత చోటు ఆక్రమిస్తాయో కంటికి అలవాటు చేసుకోవాలి, ఆపైన వందకు పెంచుకోవాలి, ఆ వందతో గుంపును కొలవాలి. మొదటి అంచనా ఎప్పుడూ తక్కువే వస్తుంది. జొన్నచేల రైతుకు ఈ పిట్ట పగ, కంకి మీద పడితే గింజ మిగలనీయదు. ఒడిసెల పట్టుకుని మంచె మీద కాపు కాసింది ఇలాంటి గుంపుల కోసమే. అదే పక్షి మధ్య ఆసియాకు తిరిగిపోయాక మిడతలను తిని పిల్లలను పెంచుతుంది, అక్కడి రైతుకు చుట్టం.

ఐదో రోజు: తలకోన

భాకరాపేట మీదుగా నెరబైలు, అక్కణ్నుంచి తలకోన. శేషాచలం అడవి ఇది, శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో భాగం. 270 అడుగుల జలపాతం మార్చిలో సన్నబడి ఉంటుంది. పక్షులు చూసేవాళ్లకు అదే మంచిది, హోరు తగ్గితే కూతలు వినపడతాయి. ఎర్రచందనం కారణంగా అటవీ శాఖ తనిఖీలు గట్టిగా ఉంటాయి, గుర్తింపు కార్డు పెట్టుకోండి, బాట విడిచి అడవిలోకి పోవద్దు, చీకటి పడకముందే బయటికి రండి. అగ్గిపెట్టె అసలు వద్దు. మార్చిలో రాలిన ఆకు కాలి కింద పెళపెళలాడుతుంది, ఒక్క నిప్పురవ్వకు కోన అంతా అంటుకుంటుంది.

పొద్దున్నే ‘పీ-పహా’ అని మూడు తునకలుగా, అరుపు అరుపుకూ గొంతు పెంచుతూ పోయేది డేగకోయిల. చలికాలంలో ఇది కూడా మౌనంగానే ఉంటుంది. తొలకరికి ముడిపెట్టే చాతకం కోసం ఇప్పుడే వెతకొద్దు. మన దక్షిణాన ఏడాదంతా ఉండే చాతకాలు కొన్ని ఉన్నాయి కాబట్టి ఒకటి కనిపించినా దాన్ని వాన జాడగా రాసుకోకూడదు. రాళ్ల గుట్టల మీది పొదల్లో పసుపు గొంతు పిగిలిపిట్టను మాత్రం తీరిగ్గా వెతకండి. దక్షిణ భారతపు రాతి కొండలు తప్ప ఇంకెక్కడా లేని పక్షి అది.

ఏప్రిల్ ద్వితీయార్ధంలో మళ్లీ రాగలిగితే పొన్నంకి పిట్ట తిరుగు ప్రయాణం దొరుకుతుంది. శీతాకాలం దక్షిణాదిలో, శ్రీలంకలో గడిపి మధ్య భారతానికి, హిమాలయ పాదాలకు పోతుంది. తెల్లవారుతుండగా, పొద్దుగూకే వేళ రెండు స్వరాల ఈల వేస్తుంది, మిగతా పొద్దంతా చెట్ల కింద ఎండుటాకులు తిరగేస్తూ నేల మీదే ఉంటుంది. రాత్రి ప్రయాణంలో దీపాల వెలుగుకు దారి తప్పి అలసిన పిట్టలు ఇళ్లలోకి, వరండాల్లోకి వచ్చి పడుతుంటాయి, తిరుపతి లాంటి ఊళ్లలో కూడా. అలాంటిది దొరికితే గాలి రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో, అడుగున పాత గుడ్డ పరిచి ఉంచి, చీకటిగా, చప్పుడు లేని చోట పెట్టండి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం పెట్టొద్దు, దాని మేత పురుగులు. ఫొటోల కోసం పదేపదే మూత తీయొద్దు. రెక్కలు రెండూ సమంగా ఉండి, పెట్టె తెరవగానే లేచి నిలబడితే చెట్లున్న చోట సాయంత్రం వేళ వదలండి. ఒక రెక్క వేలాడుతుంటే వదలకుండా దగ్గర్లోని అటవీ శాఖ కార్యాలయానికి కబురు చేయండి.